అడుగు పొరలో పిల్ల

పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే పెత్రమాస దగ్గర పడేకొద్దీ కొండవ్వకు కాలు ఒకచోట నిలవడం లేదు. గోడకు భూపతి ఫోటో వేలాడుతోంది. దాని పక్కన ఇంకొక ఫోటో పెడతానని ఆమె అతనికి మాట ఇచ్చింది. ఆ ఫోటో ఇంట్లో లేదు. నాగేశ్ స్టూడియోలో, కంప్యూటరులో, అన్నిటికంటే అడుగున ఉంది.

మాట అడిగింది భూపతే. పోయినేడు ఎండాకాలంలో, దవాఖానవాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాక, మంచం పక్కన కూర్చున్న భార్య చెయ్యి పట్టుకుని అన్నాడు.

"నా ఫోటో పెట్టిన్నాడు పక్కన పిల్లది పెట్టు. నీ పిల్లది గాదు. నా పిల్లది. గౌను పిల్ల."

నిజానికి ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కతే బిడ్డ, సౌమ్య. ఆ ఒక్కతే ఇద్దరుగా ఎట్లా చీలిందో చెప్పాలంటే చాలా ఏళ్లు వెనక్కి పోవాలి.

వాళ్లది నేత ఇల్లు. భూపతి నేసిన చీర మీద గొల్లభామ బొమ్మ నిలబడిందంటే నెత్తి మీది కుండ ఇప్పుడో ఇంకాసేపటికో తొణుకుతుందేమో అనిపించేది. చూసి మెచ్చుకునేవాళ్లు ఉన్నారు గానీ కొనేవాళ్లు తగ్గిపోయారు. ఇల్లు గడవక అందరిలాగే వాళ్లూ భివండి పవర్‌లూములకు బయలుదేరారు. బట్టల మూటలు, గిన్నెల సంచి, నాలుగేళ్ల పిల్ల. కళ్యాణ్ స్టేషనులో దిగి జనంలోంచి బయటపడేసరికి మూటలు ఉన్నాయి, సంచి ఉంది, పిల్ల లేదు. భార్య దగ్గర ఉందని భర్త, భర్త దగ్గర ఉందని భార్య అనుకున్నారు.

పోలీసులకు చూపించడానికి వాళ్ల దగ్గర ఒకే ఒక్క ఫోటో ఉంది. ఊరు విడిచే ముందు సద్దుల బతుకమ్మనాడు నాగేశ్ తండ్రి తన స్టూడియోలో తీసింది. పోలీసుల చేతికి పోయిన ఆ ఫోటో మళ్లీ రాలేదు. స్టేషను గోడలకు అంటించిన కాగితాలు వానకు పోయాయి. కొన్నేళ్లు అక్కడే మగ్గాల మధ్య ఉండి వెతికి వెతికి, చివరికి ఇద్దరే సిద్దిపేటకు తిరిగి వచ్చారు.

కొండవ్వ మాత్రం వెతకడం మానలేదు. భివండికి పోయే ప్రతివాళ్ల చేతిలోనూ పిల్ల ఫోటో పెట్టి పంపాలనుకుంది. అప్పుడే ఆమెకు కొత్త భయం పట్టుకుంది. నాలుగేళ్ల పిల్ల ఫోటో పట్టుకుని తిరిగేవాళ్లు, ఎదురుగా పెరిగిన పిల్ల వచ్చి నిలబడితే ఎట్లా గుర్తుపడతారు? నాగేశ్ దగ్గరికి పోయి, "తమ్మీ, పిల్లను ఇప్పటి ఈడుకు తెస్తవా?" అని అడిగింది.

నాగేశ్ తన తండ్రి తీసిన నెగెటివు వెతికి తీసి కంప్యూటరులోకి ఎక్కించాడు. దాని మీద పలుచని పొర ఒకటి పరిచి, ఆ పొర మీద కొత్త ముఖం దిద్దాడు. కొండవ్వ పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేది.

"మా ఇంట్ల గీ ఈడుకు చెంపలు దిగుతయి. ముక్కు నా లెక్క గాదు, వాళ్ల నాయినమ్మ లెక్క సాగుతది. నొసటి మీద ఎంటికలు ఇంక జర పలుచగ చెయ్యి."

ఏడాదికొకసారి, పెత్రమాస వెళ్లి బతుకమ్మలు మొదలయ్యాక ఆమె పోయేది. ఏడాదికొక పొర. పండుగయ్యాక భివండికి తిరిగిపోయేవాళ్ల చేతిలో కొత్త ముఖం పడేది. పండుగకు వచ్చినవాళ్ల దగ్గర పాత ఫోటోలు తిరిగి తీసుకుని నాగేశ్ చేత అక్కడే చింపించేది. "రెండు మొకాలు తిరుగుతుంటే మంది ఏ పిల్లను దేవులాడుతరు?" అనేది. మొదట్లో పనికి కూర్చోబోయే ముందు నాగేశ్ పై పొరలన్నీ మూసి అడుగున ఉన్న పిల్లను ఒకసారి చూపించేవాడు. కొన్నేళ్లకు ఆమే వద్దంది.

"గా పిల్లను చూస్తే గీ పిల్ల అబద్ధం అనిపిస్తది తమ్మీ. మూసెయ్."

సౌమ్య అట్లా పొర మీద పొరగా పెరిగింది. పెద్దమనిషైంది, పెళ్లీడుకు వచ్చింది, కంటి కింద చిన్న నీడ కూడా పడింది. భూపతి ఆ ఫోటోలను చేత్తో తాకేవాడు కాదు. "అది నీ పిల్ల. నీ అంతల నువ్వు మల్ల కన్నవు. నా పిల్ల గౌను మీదనే ఉన్నది," అనేవాడు.

అతను పోయిన ఏడు ఆమె స్టూడియో గడప తొక్కలేదు. ఈ ఏడు సంవత్సరీకం అయిపోయింది. మొదటిసారి అతని పేరు మీద పెత్రమాసకు బియ్యం ఇవ్వాలి. పిల్ల పేరు మీద కూడా ఇమ్మని ఆడబిడ్డ ఐలవ్వ ఎన్నేళ్లుగానో చెబుతోంది. ఆ మాట ఎత్తినప్పుడల్లా కొండవ్వ ఇంట్లోంచి పొమ్మన్నంత పని చేసేది. ఇప్పుడు అరవడానికి ఓపిక లేదు. పోయినవాళ్ల పక్కన ఫోటో పెట్టడమంటే పిల్లను పోయినవాళ్లలో కలిపెయ్యడమే. భూపతి ఆ సంగతి తెలిసే అడిగాడు.

స్టూడియో ముందుభాగంలో ఇప్పుడు ఫోన్ల కవర్లు, చార్జర్లు వేలాడుతున్నాయి. ఆ జాగ ఎవరికో కిరాయికి ఇచ్చాడట. నాగేశ్ వెనకగదిలోకి మారాడు. అతని కూతురు హర్షిణి, ఇంజినీరింగు చదువుతున్న పిల్ల, గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటోంది.

"రా అక్కా, రా!" నాగేశ్ లేచి కుర్చీ జరిపాడు. "నిరుడు రాకపోతివి. రెండేండ్లు ఒక్కపారే పెంచాలె గద ఇప్పుడు."

"పెంచుడు లేదు తమ్మీ. ఇగ తగ్గియ్యాలె."

"ఎంత తగ్గియ్యాలె?"

"మొత్తం. అడుగుకు పో. గౌను పిల్లను తీసియ్యి. మీ బావ పక్కన పెడుత."

నాగేశ్ హర్షిణి వైపు చూసి, "అత్తమ్మకు చాయ్ తెప్పియ్యి," అన్నాడు.

కళ్యాణ్ పోలీసులు కూడా ముందు చాయ్ ఇచ్చారు. భూపతి ఎక్స్‌రేలు చూసిన డాక్టరూ ముందు కూర్చోమని, నీళ్లు తాగమని అన్నాడు.

"చాయ్ వద్దు. ఏమైందో చెప్పు."

"పాత కంప్యూటర్ కాలిపోయింది అక్కా. పిడుగులు పడ్డ దినం, ఒక్కపారే. దాంట్ల ఉన్న సాఫ్ట్‌వేర్ మా బాపు కొన్నది. డిస్కుల వచ్చింది. ఒక్కసారి కొంటే మనదే. ఎన్ని ఏండ్లు ఆడిచ్చినా అడిగేటోడు లేడు. అది కొత్త కంప్యూటర్ల ఎక్కలే. మల్ల కొందామంటే గిప్పుడు అమ్ముతలేరు. నెలనెలా కట్టుకుంట వాడుకోవాలెనట. మా ఇంజినీరమ్మ సలహా."

"నా సలహా ఏంది బాపూ?" హర్షిణి ఫోను దించింది. "అమ్మనిదాన్ని ఎట్ల కొంటవు? అయినా నీ పాత ఫైళ్లు కాలిన డబ్బాలకెళ్లి తీపిచ్చి, కొత్తదాంట్ల తెరిపిచ్చింది ఎవరు? నేనే గద."

"తెరిపిచ్చినవు. తెరిచి కొత్త రకంల దాచినవు. పాత రకం ఉంచినవా?"

"నువ్వే అంటివి. డబ్బా మల్ల కాలుతదేమో, ఆ కంపెనోళ్ల దగ్గర్నే పెట్టు, గాడ కాలేది లేదు తడిసేది లేదు అని. ఇప్పుడు నా మీదికి తోస్తవేంది?"

"సరే తియ్యి, ఇద్దరం కలిసే పెట్టినం." నాగేశ్ తల గీరుకున్నాడు. "అసలు సంగతి ఏందంటే అక్కా, మూఢం వచ్చింది. పెండ్లిండ్లు లేవు. మూఢంల మేం జనరేటర్ ఆపుతం, లైట్లోళ్లకు వద్దంటం, రెండో కెమెరా పిలగాన్ని రావద్దంటం. మల్ల ముహూర్తాలు పడ్డంక పిలుస్తం. గట్లనే దీనికి కట్టుడు గూడ ఆపిన. ముహూర్తాలు పడ్డయి గాని మనల పిలిచేటోళ్లు లేకపోయిరి. అందరు డ్రోన్లోళ్లను పిలుస్తుండ్రు. ఇగ కట్టలే."

కొండవ్వకు మెల్లగా అర్థమైంది. ఇంట్లో గుంటమగ్గం ఉండేది. భూపతి జ్వరంతో పడుకున్నా, చావుకో పెళ్లికో ఊరికి పోయినా, సగం నేసిన చీర మగ్గం మీద అట్లాగే ఉండేది. వచ్చి కూర్చుంటే వదిలిన పోగు దగ్గరి నుంచే మొదలు. భివండిలో అట్లా కాదు. మగ్గం సేటుది. నువ్వు ఒక పూట రాకపోతే ఇంకొకడు కూర్చునేవాడు. దాని మీద నువ్వు నేసింది ఎంతున్నా అదీ సేటుదే.

"అంటే సేటు మగ్గం మీద నా పిల్లను పెట్టినవు," అంది.

హర్షిణి గోడ వదిలి ముందుకు వచ్చింది.

"అత్తమ్మా, గింత దానికి ఏడ్వకు. తాళమే గద పడ్డది. నేను ఒక నెలకు కడుత. నా ఫోన్ల నుంచే కడుత. కట్టంగనే తెరుచుకుంటది. నీ పిల్లను తీసి, ఒకటి గాదు పది కాపీలు నీ చేతిల పెడుత. బాపూ, లే ఆ కుర్చీలకెళ్లి."

ఏడుస్తున్న సంగతి అప్పటిదాకా కొండవ్వకే తెలియదు. కొంగుతో తుడుచుకుని స్టూలు దగ్గరికి జరుపుకుంది. హర్షిణి ఫోనులో ఏదో నొక్కింది. కంప్యూటరు తెర కాసేపు తెల్లగా ఉండి, రంగులు తిరిగి, కొండవ్వ ఎరిగిన పాత పలకలాంటిదే వచ్చి నిలిచింది. పక్కన కుంచె గుర్తు, కత్తెర గుర్తు, కన్ను గుర్తు అన్నీ ఉన్నాయి.

"చెప్పిన్నా?" అంది హర్షిణి గొప్పగా. "ఇగ ఫైళ్లు."

ఒకటి నొక్కింది. ఇంకొకటి నొక్కింది. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కింది. తర్వాత కుర్చీలో కొంచెం ముందుకు వంగింది. వెనక నిలబడ్డ నాగేశ్ కూడా వంగాడు. కొండవ్వ ఆ ఇద్దరి వీపుల మధ్య నుంచి చూసింది. తెర మీద తెల్లటి జాగ తప్ప ఏమీ లేదు.

"ఏవే?" అన్నాడు నాగేశ్.

"ఆగు."

హర్షిణి ఈసారి మెయిల్ తెరిచింది. స్టూడియో పేరు మీద ఎప్పుడో తెరిచిన ఖాతా. అందులో ఇంగ్లీషులో ఉత్తరాలు వరసగా ఉన్నాయి, ఒక్కటీ విప్పినట్టు లేదు. ఆమె పెదవులు కదుపుకుంటూ చదివింది.

"కట్టుడు ఆపితే కొన్ని దినాలే ఉంచుతరట. మూడుసార్లు రాసిన్రు బాపూ. తీసుకోండ్రి, లేకుంటే పారేస్తం అని."

"ఎప్పుడు పారేసిన్రు?"

"ఎండకాలం ఎల్లకముందే."

అప్పటికి భూపతి సంవత్సరీకం కూడా కాలేదు. అప్పుడే వచ్చి ఉంటే ఏమయ్యేదో అని కొండవ్వ మనసు లెక్క కట్టబోయి, భయపడి ఆగిపోయింది.

హర్షిణి కంపెనీకి ఫోను చేసింది. చాలాసేపు పాట వినిపించాక ఎవరో కుర్రాడు హిందీలో పలికాడు. హర్షిణి గబగబా చెప్పింది, బతిమాలింది, కొంచెం గట్టిగా కూడా మాట్లాడింది. కొండవ్వ ఉండబట్టలేక ఫోను అందుకుంది. భివండి మగ్గాల మధ్య నేర్చిన హిందీలో అడిగింది. అన్నీ వద్దు నాయనా, పైవన్నీ మీరే ఉంచుకోండి, అడుగున ఉన్న ఒక్కటి ఇస్తే చాలు. అవతలి కుర్రాడు, అమ్మా, దాని కాపీ మీ దగ్గర ఇంకెక్కడైనా ఉందా అని మెత్తగా అడిగాడు.

"ఉంటే నీకెందుకు ఫోన్ చేస్త బిడ్డా," అంది తెలుగులోనే.

అతనికి అర్థమయిందో లేదో, సారీ అన్నాడు. మంచి పిల్లవాడే. మళ్లీ సారీ అన్నాడు.

నాగేశ్ ఉన్న దారులన్నీ గుర్తు చేసుకున్నాడు. కాలిన డబ్బాను పాతసామాన్లవాడికి వేశాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తండ్రి నాటి పాత స్టూడియో కూల్చారు, తండ్రి నెగెటివుల పెట్టెలు అప్పుడే పోయాయి. ఏటేటా తీసిన ఫోటోలు... వాటి మాట ఎత్తబోయి ఆగాడు. చింపింది అతని చేతులే, చింపమన్నది ఆమే. మిగిలింది ఒక్కటే. రెండేళ్ల కిందటి ఫోటో, కొండవ్వ సంచిలో ఉన్నది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టింది. కంటి కింద నీడతో, సాగిన ముక్కుతో, పెద్ద సౌమ్య.

హర్షిణి ఆ ఫోటోను చూస్తూ ఉండి, ఉన్నట్టుండి అంది.

"దీన్ని ఎనుకకు పంపొచ్చు అత్తమ్మా. ఫోన్లనే అయితది. పెద్దోళ్లను చిన్నగ చేస్తది."

"వద్దు," అన్నాడు నాగేశ్.

"ఎందుకొద్దు? మంచిగొస్తది బాపూ, మా దోస్తులందరు చేసుకున్నరు."

"ఎందుకంటే ఆ మొకం నేను గీసింది. నేను గీసినదాన్ని ఎనుకకు పంపితే ఏడికి పోతది?"

"చూద్దాం తియ్యి," అంది కొండవ్వ. ఆశతో అన్న మాట కాదు. పెత్రమాసకు చేతిలో ఏదో ఒకటి లేకుండా ఇంటికి పోవడానికి ఆమెకు భయమేసింది.

హర్షిణి ఫోనుతో ఫోటోను పట్టింది, నాలుగేళ్ల పిల్ల అని రాసింది. తెర మీద చుక్కలు తిరిగాయి. ఒక పిల్ల వచ్చింది. బూరెబుగ్గలు, గుండ్రటి కళ్లు, కొద్దిగా తెరిచిన నోరు, గులాబీ గౌను.

"గిట్లనే ఉండెనా అత్తమ్మా?"

కొండవ్వ ఫోను చేతిలోకి తీసుకుంది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. కాదు అనాలని నోరు తెరిచింది. ఎందుకు కాదో చెప్పడానికి అసలు పిల్ల ముఖం తలచుకుంది. గౌను వచ్చింది. సద్దులనాడు బజారులో కొన్న పసుపుపచ్చ గౌను, అంచుకు తెల్ల లేసు. చేతికి మట్టిగాజులు, ఒకటి పగిలింది. పిల్లను నిలబెట్టిన స్టూలు, వెనక కొండలు గీసిన తెర, తెర కింద కనిపిస్తున్న గచ్చు. అన్నీ వచ్చాయి. ముఖం దగ్గరికి పోయేసరికి నాగేశ్ దిద్దిన ముఖాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి అడ్డం నిలబడ్డాయి. వాటిని ఒక్కొక్కటే పక్కకు జరుపుకుంటూ పోయింది. చివరిదాన్ని జరిపితే అక్కడ ఎవరూ లేరు.

"నువ్వు చెప్పు తమ్మీ," అంది. "నువ్వు చూసినవు గద."

"నేను చూసి ఎన్ని ఏండ్లాయె అక్కా. నువ్వే తెరువద్దంటివి." నాగేశ్ ఫోను వైపు చూడలేదు. "నువ్వు అవునంటే కాగితం మీద తీస్త. కాదంటే తియ్య."

బయట ఎవరో ఫోను కవరు బేరమాడుతున్నారు. నల్లది కావాలట, వాళ్ల దగ్గర నల్లది లేదట. కొండవ్వ ఆ బేరం తెగేదాకా అట్లాగే కూర్చుంది.

"గౌను పసుపుపచ్చ చెయ్యి బిడ్డా," అంది చివరికి.

హర్షిణి చేసింది.

"అంచుకు తెల్ల లేసు. చేతికి మట్టిగాజులు. ఎనుక తెర మీద కొండలు."

ఒక్కొక్కటే వచ్చి కూర్చుంది. స్టూలు ఎంత ఎత్తో చెప్పింది, తెర ఎక్కడ ముడత పడిందో చెప్పింది. అన్నీ చెప్పింది. ముఖం గురించి ఏమీ చెప్పలేదు. నాగేశ్ ఫోటోను కాగితం మీద తీసి, చట్టంలో బిగించి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. బల్ల మీద ఉన్న పెద్ద సౌమ్య ఫోటో చూపించి, అలవాటు కొద్దీ, "గిది చింపాల్నా అక్కా?" అని అడిగాడు. ఆమె గబుక్కున తీసుకుని సంచిలో పెట్టుకుంది.

పెత్రమాసనాడు ఐలవ్వ పొద్దున్నే వచ్చింది. వంటలో చెయ్యి వేసి, చేతులు కడుక్కుని, తమ్ముడి ఫోటోకు దండం పెట్టబోయి పక్కన కొత్త ఫోటో చూసింది. నిలబడ్డచోటే కూలబడి పెద్దగా ఏడ్చింది.

"అయ్యో నా బంగారు తల్లీ! అచ్చం గిట్లనే ఉండె గద. గీ గౌనే. గీ గాజులే. కండ్లు సూడు కొండవ్వా, నా తమ్ముని కండ్లే. అదే చూపు!"

పక్కింటి అమృతమ్మ కూడా వచ్చి చూసింది. ఆమె ఆ వాడకు వచ్చే నాటికే పిల్ల లేదు. అయినా ఆమె కూడా, తండ్రి పోలికే, అంది.

కొండవ్వ ఆ పిల్ల కళ్లు చూసింది. పక్కన భూపతి కళ్లు చూసింది. పోలిక ఉందంటే ఉంది. ఏ పిల్లకైనా ఉంటుంది. ఇది నా పిల్లే అనో, ఎవర్ని తెచ్చి నా పక్కన పెట్టినవే అనో చెప్పగలిగిన మనిషి ఒక్కడే. దండ కింద నుంచి అతను ఎటో చూస్తున్నాడు.

బియ్యం తీసుకోవడానికి అయ్యగారు వచ్చి గడపలో పీట మీద కూర్చున్నాడు. ఇంకా చాలా ఇళ్లకు పోవాలని తొందరలో ఉన్నాడు. విస్తరిలో బియ్యం, పప్పు, కూరగాయలు సర్దుకున్నాక, "పేర్లు చెప్పమ్మా," అన్నాడు.

"భూపతి."

"ఇంక?"

ఐలవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చెప్పు, ఈపొద్దన్నా చెప్పు, అన్నట్టు నొక్కింది. ఈ మాట ఒక్కసారి నోటి నుంచి వస్తే భివండి వీధుల్లో ఎక్కడో నడుస్తున్న పిల్ల అక్కడే ఆగిపోతుందని కొండవ్వ ఇన్నేళ్లూ భయపడింది. ఇప్పుడు ఆ వీధుల్లో ఎవరు నడుస్తున్నారో తెలియడం లేదు. గోడ మీద ఉన్నది ఎవరో కూడా తెలియడం లేదు.

"సౌమ్య," అంది.

అయ్యగారు ఇద్దరి పేర్లూ కలిపి చదివి, నీళ్లు వదలమన్నాడు. ఆమె వదిలింది. ఆయన బియ్యం సంచిలో పోసుకుని పక్కింటికి పోయాడు. వాడలో ఆడపిల్లలు తంగేడు పూలు దులుపుతూ, రాత్రి బతుకమ్మ ఆటకు ఎవరెవరు వస్తారో అరుచుకుంటున్నారు. ఐలవ్వ ఇంకా ఫోటో ముందే కూర్చుని, పిల్ల చిన్ననాటి ముచ్చట్లు అమృతమ్మకు చెబుతోంది. కొండవ్వ అటు చూడకుండా వంటింట్లోకి పోయి, తినేవాళ్ల కోసం విస్తరాకులు కడగసాగింది.